ఐరావతము: మేఘగజ విచారము

క్షీరసాగరమథన కథను పాఠముగాఁ జెప్పు పండితులకు విద్యార్థులవలన నొక ప్రశ్న తఱచుగా నెదురగుచుండును. దుర్వాసుఁ డొసఁగిన పూలదండను ఇంద్రుఁడు ఐరావతము కుంభస్థలమున నుంచెననియు, ఆ యేనుఁగు దానిని నేలఁ బడవైచెననియు, అందులకు ముని కోపించి శపింపఁగా ముల్లోకములును శ్రీహీనములయ్యెననియు, పోయిన సిరిని మరలఁ బడయుటకై వేల్పులు పాలకడలిఁ ద్రచ్చిరనియు ముందుగాఁ జెప్పుదుము. పిదప నా కడలినుండి పుట్టినవానిని లెక్కించుచు ఐరావతమును గూడఁ జెప్పుదుము. "అయ్యా, కడలిఁ ద్రచ్చిన పిమ్మటఁ బుట్టిన యేనుఁగు, కడలిఁ ద్రచ్చుటకుఁ గారణ మెట్లయ్యెను?" అని బాలుఁ డడుగును.

ఈ ప్రశ్న నన్నును ఒకనాఁ డొక బాలుఁ డడిగెను. నేను "కల్పభేద" మను నొక్కమాటతో వాని నోరు మూయించితిని. బాలుఁడు కూర్చుండెనేకాని తృప్తి నొందలేదు. ఆ మాట చెప్పిన నాకును దృప్తి కలుగలేదు. కల్పభేదము శాస్త్రసమ్మతమైన సమాధానమే. కాని గ్రంథములను విప్పి చూడకుండ దాని నాశ్రయించుట సమాధానము గాదు, తప్పించుకొనుట. ఆనాఁ డా బాలునికిఁ జెప్పవలసియుండిన దానిని ఈ వ్యాసమునఁ జెప్పఁ బ్రయత్నించుచున్నాను. ప్రశ్న చిన్నదేయైనను, దానిని వెంబడించి పోయినచో ఈ యేనుఁగెవరు, ఆకాశవాసులతో దానికిఁ గల బంధమెట్టిది, వాన కురియుటకును ఏనుఁగునకును సంబంధమేమి యను పెద్ద విషయములు బయల్పడును.

1. ఏ గ్రంథమున నేమి యున్నది

దండకథ విపులముగాఁ గానవచ్చునది విష్ణుపురాణ ప్రథమాంశము నవమాధ్యాయమున. దుర్వాసుఁడు ఒక విద్యాధరస్త్రీ చేత సంతానకపుష్పముల మాలికను జూచి, యడిగి పుచ్చుకొని, తలఁ దాల్చి తిరుగుచు, ఐరావతము నెక్కి దేవగణములతో వచ్చుచున్న యింద్రునిఁ గాంచి యా మాలికను వానివైపు విసరెను. ఇంద్రుఁడు దానిని గజమస్తకమున నుంచెను. మదముచేఁ గన్నులు మసకలు గ్రమ్మిన యేనుఁగు పరిమళమున కాకర్షింపఁబడి, తొండముతో మూర్కొని, నేలపైఁ బాఱవైచెను. ముని శపించెను. ఇంద్రుఁడు వాహనమునుండి దిగి బ్రతిమాలినను అతఁడు శాంతింపలేదు. అంతట నింద్రుఁడు మరల ఐరావతమునే యెక్కి యమరావతి కేఁగెనని పురాణము చెప్పుచున్నది.

ఈ తుదిమాటను మనసున నుంచుకొనవలయును. శాపఫలముగా ఐరావతము సముద్రమునఁ బడిపోయి, మథనమువలన మరల వెలువడెనని కొందఱు పౌరాణికులు సమన్వయింతురు. ఆ సమన్వయము విష్ణుపురాణమున కతుకదు. ఏలయన అందు శాపానంతరమును ఏనుఁగు ఇంద్రునొద్దనే యున్నది. ఇంకను ముఖ్యమైన విషయ మొకటి గలదు. ఆ యధ్యాయముననే మథనమువలనఁ బుట్టినవి వరుసగాఁ జెప్పఁబడినవి: సురభి, వారుణి, పారిజాతము, అప్సరసలు, చంద్రుఁడు, విషము, కమండలువుతో ధన్వంతరి, తుదకు శ్రీదేవి. ఈ పట్టికలో ఐరావతము లేదు. పైఁగా శ్రీదేవి యవతరింపఁగానే దిగ్గజములు బంగారుకుండలతో నిర్మలజలమును దెచ్చి యామె నభిషేకించెనని యున్నది. అనఁగా విష్ణుపురాణకర్త దృష్టిలో ఏనుఁగులు మథనమునకుఁ బూర్వమునుండియు నున్నవే.

ఇఁక భాగవతము. తెలుఁగువారికి భాగవతమనఁగాఁ బోతనార్యుని గ్రంథమే తోఁచును. ఇచట నేను జెప్పునది సంస్కృతమూలమును గూర్చి. అష్టమస్కంధము పంచమాధ్యాయమున దుర్వాసుని శాపముచే ఇంద్రునితోఁగూడ ముల్లోకములును శ్రీహీనములయ్యెనని మాత్ర మున్నది. దండయు లేదు, దానిని ద్రోసిన యేనుఁగును లేదు. అష్టమాధ్యాయమున మాత్రము, కైలాసపర్వతపు మహిమను హరించునట్టి తెల్లని నాలుగు దంతములతో ఐరావతము పాలకడలినుండి వెడలెనని చెప్పఁబడినది.

కావున విష్ణుపురాణమున వైరుధ్యము లేదు, భాగవతముననుం లేదు. ఒక పురాణపు మొదలును, వేఱొక పురాణపు తుదిని గలిపి యొక్క కథగా మనము చెప్పునపుడే వైరుధ్యము పుట్టుచున్నది. బాలుఁడు పట్టినది వ్యాసుని తప్పు గాదు, మన యతుకు. వాని ప్రశ్నలో సగమునకు ఇదియే సమాధానము.

మిగిలిన సగ మిది: రెండు పురాణములు ఈ యేనుఁగు పుట్టుకను గూర్చి యేల భేదించినవి? ఈ భేదము రెంటితో నాఁగదు. రామాయణము అరణ్యకాండమున జటాయువు చెప్పిన సృష్టిక్రమమునందుఁ గశ్యపుని సంతతిలో భద్రమద యను నామెకు ఇరావతి యను కూఁతురును, ఆ యిరావతికి ఐరావతమను మహాగజమును బుట్టిరని యున్నది. గజశాస్త్రమునం దింకొక జన్మకథ గలదు. దాని ముందు చెప్పుదును. ఒక్క ప్రాణికి ఇన్ని జన్మకథ లుండుటకుఁ గారణము దాని నామమునందే కొంతవఱకు దాఁగియున్నది.

2. నామవిచారము

ఇరా శబ్దమునకు నీరు, పానీయము, అన్నము అను నర్థములు గలవు. ఇర గలది ఇరావత్తు. అనఁగా నీటితో నిండినది, సముద్రము. ఇరావత్తునఁ బుట్టినది ఐరావతము. ఇది వ్యాఖ్యాతలు సామాన్యముగాఁ జూపు వ్యుత్పత్తి. దీని ననుసరించి చూచినచో, సముద్రజన్మకథ నామమునుండియే మొలకెత్తఁగలదు. ఇరావతి యను తల్లికథయు నా నామమునుండియే మొలకెత్తఁగలదు. రెండును ఒక్క తద్ధితమునకుఁ జేయఁబడిన రెండు వ్యాఖ్యానములు. మన పంచనదభూములందలి రావి నది ప్రాచీననామమును ఇరావతియే. బర్మాదేశపు మహానదికిని ఆ పేరే వచ్చినది. నీటి సమృద్ధియే ఈ పేళ్లన్నింటికిని మూలము.

అమరసింహుఁడు స్వర్గవర్గమున ఈ గజమునకు నాలుగు నామములు చెప్పెను: ఐరావతము, అభ్రమాతంగము, ఐరావణము, అభ్రమువల్లభము. అభ్రమాతంగమనఁగా మేఘపుటేనుఁగు. అభ్రము వనునది దాని భార్య పేరు, దిక్కరిణులలో మొదటిది. ఆ పేరును వ్యాఖ్యాతలు పలువిధముల విడఁదీయుదురుగాని, వినఁగానే చెవికి మేఘవాచకమైన అభ్రశబ్దము తోఁచకమానదు. అంతియకాదు. అమరుఁడే దిగ్వర్గమున మెఱపుపేళ్లను జెప్పుచు ఐరావతి యను పదమును జేర్చెను. నానార్థకోశములు నిడుపై వంపులేని యింద్రధనుస్సునకును ఐరావత మను పేరు గలదనును. ఏనుఁగు, మెఱపు, ఇంద్రధనుస్సు: ఈ మూఁడింటికి నొక్కపేరుండుట యాదృచ్ఛికము గాదు. మూఁడును వానకాలపు మింటనే కనఁబడునవి. పదములు కథలకంటె మొండివి. కథ మాఱినను పదము తన పాత యర్థమును విడువదు. నిఘంటువునందు ఈ యేనుఁగు నేఁటికిని మేఘముగనే యున్నది.

తెలుఁగున దీనిని వేల్పుటేనుఁ గనియు, తెల్లయేనుఁ గనియు నందుము. ఇందలి తెలుపును గూర్చి యొక సందేహము గలుగును. వానమబ్బు నల్లనిది గదా, దానికిఁ బ్రతిరూపమైన యేనుఁగు తెల్లని దేల? ఈ విషయమున నొక యూహను విన్నవించుచున్నాను. ఉఱుముల మబ్బు క్రిందనుండి చూచువారికి నలుపు; సూర్యకాంతి తనమీఁదఁ బడుటచేత మీఁదనుండి చూచువారికి మంచుకొండవలెఁ దెలుపు. విమానములలోఁ బోవువా రీ విషయమును నేఁడు కన్నులారఁ జూచుచున్నారు. దూరమునుండి చూచినను ఆ మేఘశిఖరము తెల్లగనే యుండును. ఐరావతము నెక్కువారు ఆకాశవాసులు. వారు చూచునది మబ్బు మీఁదిభాగము. మనము చూచునది దాని కడుపు. ఇది యూహయేకాని ప్రమాణము గాదు.

3. నాగశబ్దము

వేదమున ఐరావతుఁ డేనుఁగు గాఁడు. అథర్వవేదము అష్టమకాండమున విరాజ్జు సర్పములయొద్దకు వచ్చినపుడు తక్షక వైశాలేయుఁడు దూడయయ్యెననియు, ధృతరాష్ట్ర ఐరావతుఁ డను సర్పము దానినుండి విషమును బిదికెననియుఁ జెప్పఁబడినది. ఇచట ఐరావతుఁడనఁగా ఇరావంతుని కొడుకు, పాము. భారతమునందును ఈ సంప్రదాయము నిలిచియున్నది. ఆదిపర్వమున ఉదంకుఁడు కుండలములకై నాగులను స్తుతించుచు, ఐరావతుఁడు రాజుగాఁ గల సర్పములు మెఱుపులతోను గాలితోను గూడిన మేఘములవలె వర్షించుననెను. అర్జునుని బెండ్లాడిన యులూచి ఐరావతకులమునఁ బుట్టిన కౌరవ్యుఁడను నాగుని కూఁతురు.

పాలిభాషలోని మహాసమయసుత్తమున బుద్ధుని దర్శించుటకు వచ్చిన నాగుల పట్టిక యొకటి గలదు. అందు వైశాలులు, తక్షకులు మొదట వచ్చిరి, తరువాత ధృతరాష్ట్రులు, ఆ వెంటనే ఏరావణుఁడను మహానాగుఁడు. అథర్వవేదమందలి నాలుగు పేళ్లును ఇచట నించుమించుగా నట్లే వచ్చుట గమనింపఁదగినది. సుత్తమునందు ఏరావణుఁడు నాగుల నడుమ నున్నాఁడు. వ్యాఖ్యాతలు మాత్రము వాని నింద్రుని యేనుఁగుగా వివరించిరి. పాము ఏనుఁగైన త్రోవ యీ యొక్క యుదాహరణమువలన మనకుఁ గనఁబడుచున్నది.

నాగశబ్దమునకుఁ బామనియు ఏనుఁగనియు రెండర్థములును బ్రసిద్ధములు. మేఘమను మూఁడవ యర్థమునుగూడ నానార్థకోశములు చెప్పును. పాము నీటికిఁ గాపరి. మేఘము నీటిని మోయునది. ఏనుఁగు నీటిని తొండముతోఁ బీల్చి చల్లునది. ఏనుఁగు తొండము పామువంటిదే. కావున ఒక్క పదము చాటున ఒక ప్రాణి వేఱొక ప్రాణిగా మాఱుట కేమియు నడ్డు లేదు. అయినను పాత యైరావతుఁడు లేకుండఁ బోలేదు; పాతాళమున నాగరాజుగను, స్వర్గమున గజరాజుగను రెండుచోట్ల నిలిచెను.

4. వేదకాలపు వాహనములు

ఋగ్వేదమున ఇంద్రునకు గజవాహనము లేదు. హరులను రెండు గుఱ్ఱములు పూన్చిన రథమే యాతని వాహనము. అందు ఏనుఁగునకుఁ "జేయి గల మృగ" మను నర్థ మిచ్చు పేరున్నది. ఆ ప్రాణి యప్పటికి వింతగనే యుండెనని యా పేరే చెప్పుచున్నది. ఇంద్రుని సహచరులైన మరుత్తులు గాలివానకు దేవతలు. వారిని ద్యులోకపు నరులని ఋషులు పలుమాఱు వర్ణించిరి. వారి రథములను లాగునవి పృషతులు. పృషతియనఁగాఁ జుక్కల లేడి యని కొందఱును, చుక్కల గుఱ్ఱమని కొందఱును వ్యాఖ్యానింతురు. ఆ చుక్కలు వానచినుకులని తలఁచుట కవకాశము గలదు. ఒక సూక్తమున ఆ మరుత్తులే అడవులను దినివేయు ఏనుఁగులతోఁ బోల్పఁబడిరి. పెనుగాలి చెట్లను విఱుచుటకును ఏనుఁగు కొమ్మలను విఱుచుటకును గల సామ్యము దీనికి మూలము. గాలివానను ఏనుఁగుతోఁ బోల్చుట కిది మనకుఁ దొల్లిటి నిదర్శనములలో నొకటి. ఉపమానముగా వచ్చిన యేనుఁగు కాలక్రమమున వాహనముగా నిలిచెను.

పుణెకు సమీపమందలి భాజా గుహలలో, క్రీస్తుపూర్వపు శిల్పమొకటి గలదు. అందు మహాగజము నెక్కిన రాజపురుషుఁ డొకఁడు కలఁడు. ఏనుఁగు ఒక చెట్టును బెకలించి తొండమున నెత్తిపట్టినది. క్రింద జనులు చిన్నచిన్నగాఁ గనఁబడుదురు. ఇది ఐరావతారూఢుఁడైన యింద్రుఁడని కొందఱును, మాంధాతయని కొందఱును జెప్పిరి. వివాదము తీఱకపోయినను, చెట్టును బెకలించి పోవు నా యేనుఁగును జూచినవారికి గాలివాన జ్ఞప్తికి రాకమానదు.

5. నీటిని దోడు ఏనుఁగు

ఇంద్రునకును ఐరావతమునకును గల బంధము కేవలము రౌతునకును వాహనమునకును గల బంధము గాదు. ఉద్యోగపర్వమున మాతలి తన కూఁతునకు వరుని వెదకుచుఁ బాతాళమునకుఁ బోయినపుడు నారదుఁ డాతనికి నాలోకమును జూపుచు నొక విషయము చెప్పెను: జగద్ధితము కొఱకు ఐరావతము ఇచటినుండి చల్లని నీటిని గైకొని మేఘములయందు విడుచును, దానినే మహేంద్రుఁడు వర్షించును. ఈ వాక్యమున వానపని యిద్దఱికిఁ బంచిపెట్టఁబడినది. తోడుట యేనుఁగుపని, కురిపించుట వేల్పుపని. ఒకరు లేక యొకరు చేయఁజాలరు. నాగలోకమున నున్న నీరు స్వర్గలోకమునకుఁ జేరుటకు, రెండులోకములందును బేరున్న యొక్క ప్రాణియే వంతెనయయ్యెను. ముందు చెప్పిన నాగశబ్దపు ద్వైధీభావము ఇచట సార్థకమైనది.

సముద్రతీరవాసులు అప్పుడప్పుడు మేఘమునుండి నీటివఱకు వ్రేలాడు సుడిగాలికంబమును జూతురు. అది చూపులకు నీరు పీల్చు తొండమువలెనే యుండును. ఆ కంబమునందుఁ గనఁబడునది చాలవఱకు సముద్రమునుండి పీల్చిన నీరు గాదనియు, గాలిలోని యావిరి చల్లఁబడి యేర్పడిన నీటితుంపరలనియు నేఁటి శాస్త్రము చెప్పును. అయినను అట్టి దృశ్యమును గన్న ప్రాచీనుఁడు మేఘమునకుఁ దొండము గలదని తలఁచియుండుట యసంభవము గాదు.

ఈ బంధమున కత్యంతము హృద్యమైన నిదర్శనము భాగవత షష్ఠస్కంధము ఏకాదశాధ్యాయమున నున్నది; ఆ స్కంధమును దెనిఁగించినవాఁడు ఏర్చూరి సింగన. వృత్రుఁడు వేదకాలమునుండియు నీటిని గ్రమ్మి యాఁపువాఁడు, అనావృష్టికి మూర్తి. వాఁడు యుద్ధమున గదతో ఐరావతము కుంభస్థలమును మోఁదెను. ఏనుఁగు నోట నెత్తురు గ్రక్కుచు, ఇంద్రునితోఁగూడ ఏడుధనువుల దూరము వెనుకకుఁ దూలిపోయెను. వాహనము మూర్ఛిల్లి ఇంద్రుఁడు విషణ్ణుఁడై యుండుటఁ జూచి, వృత్రుఁడు మహాత్ముఁడు గావున మరల గద విసరలేదు. ఇంద్రుఁడు అమృతము స్రవించు తన చేతితో ఏనుఁగును నిమిరెను. దాని బాధ తొలఁగెను. ఆ మీఁదటనే యుద్ధము సాగెను. వజ్రాయుధము చేతనున్నను, ఏనుఁగు కోలుకొనునంతవఱకు వేల్పుఱేఁడు అడుగు ముందునకు వేయలేదు. అనావృష్టి మేఘమును గొట్టినది. దివ్యహస్తము దానిని మరలఁ దడిపినది. రూపకముగాఁ జదివినను, కథగాఁ జదివినను ఈ ఘట్టము మనసును గరఁగించును.

6. ఎగురుట పోయిన యేనుఁగులు

గజశాస్త్రమునకుఁ బాలకాప్యమహర్షి ప్రవర్తకుఁడు. అంగదేశాధిపతియైన రోమపాదున కాతఁడు చేసిన యుపదేశము హస్త్యాయుర్వేదమను పేర పుణె ఆనందాశ్రమమువారిచే 1894లో ముద్రింపఁబడినది. ఆ సంప్రదాయముననే నీలకంఠుఁడు రచించిన మాతంగలీల తిరువనంతపుర సంస్కృతగ్రంథావళిలో 1910లో వెలువడినది. అందుఁ జెప్పఁబడిన జన్మకథ యిది: సూర్యుఁడు పుట్టిన యండముయొక్క రెండు పెంకులను బ్రహ్మ రెండుచేతులఁ బట్టి యేడు సామములను గానము చేసెను. కుడిచేతి పెంకునుండి ఐరావతము మొదలుగా నెనిమిది మగయేనుఁగులును, ఎడమచేతి పెంకునుండి యెనిమిది యాఁడుయేనుఁగులును బుట్టెను.

తరువాతి కథ యింకను రమ్యము. పూర్వ మేనుఁగులు కామరూపములై, కోరినచోటికి నేలమీఁదను మింటను సంచరించుచుండెను. హిమవంతమునకు ఉత్తరమున ఇన్నూఱు యోజనముల మఱ్ఱిచెట్టొకటి గలదు. ఒకనాఁ డా యేనుఁగులు వచ్చి దానిపై వ్రాలఁగా ఒక కొమ్మ విఱిగి, దీర్ఘతపుఁ డను ముని యాశ్రమముపైఁ బడెను. ముని కోపించి శపించెను. నాఁటినుండి యేనుఁగులు ఆకాశగమనమును గోలుపోయి మానవులకు వాహనములయ్యెను. దిగ్గజములకు మాత్రము శాపము తగులలేదు.

దీనితోఁ బోల్పఁదగిన కథ కృష్ణయజుర్వేదమునకుఁ జెందిన మైత్రాయణీసంహితలోఁ గలదు. పర్వతములు ప్రజాపతికిఁ బెద్దబిడ్డలు, వానికి ఱెక్కలుండెను, అవి యెగిరి కోరినచోట వ్రాలుచుండుటచే భూమి స్థిరముగా నుండలేదు. ఇంద్రుఁడు ఱెక్కలఁ దఱిగెను. ఆ ఱెక్కలే మేఘములయ్యెను. కావుననే మేఘములు కొండలచెంతకుఁ జేరుచుండును. రెండుకథలకును అస్థి యొక్కటే. భారీదేహము గల ప్రాణి యొకప్పు డెగిరినది, దానివలన నేలమీఁదివారికి బాధ గలిగినది, ఎగురుశక్తి తీసివేయఁబడినది. కొండలకథయం దా శక్తి మేఘరూపమున మింట మిగిలెను. ఏనుఁగులకథయందు దిగ్గజరూపమున మిగిలెను. నేలమీఁది యేనుఁగు, ఎగురలేని మేఘము. మింటనున్న మేఘము, నేలకు దిగని యేనుఁగు.

మదధార వర్షధారకు సామ్యము. దాన మను పదమునకు మదజలమనియు ఈవియనియు నర్థములు. వానను మించిన యీవి రైతున కేది? కాళిదాసు మేఘసందేశపుటారంభమున మేఘమును వప్రక్రీడ సల్పు ఏనుఁగుతోఁ బోల్చుట కవిసమయమే కాదు. దాని వెనుక నింత పురాతనమైన చుట్టఱికము గలదు.

7. బౌద్ధుల యేరావణుఁడు

ధమ్మపదవ్యాఖ్యయందలి మఘుని కథలో ఈ బంధమునకు వేఱొక మూలము చెప్పఁబడినది. మగధదేశమున మచలగ్రామవాసియైన మఘుఁడు ముప్పదిఇద్దఱు సహచరులతోఁ గూడి బాటలు బాగుచేయుట మొదలగు పరోపకారములు సేయుచుండెను. గ్రామాధికారి కొండెములు నమ్మి రాజు వారి నేనుఁగుచేఁ ద్రొక్కింప నాజ్ఞాపించెను. మఘుఁడు తనవారితో, రాజుమీఁదను, కొండెగానిమీఁదను, ఏనుఁగుమీఁదను సమానమైన మైత్రి నుంపుఁడని చెప్పెను. ఏనుఁగు వారిని ద్రొక్కలేదు. రాజు నిజమెఱిఁగి యా యేనుఁగునే వారి కిచ్చెను. మరణానంతరము మఘుఁడు శక్రుఁడయ్యెను. సహచరులతోఁగూడ వారు ముప్పదిమువ్వురు దేవతలైరి. ఏనుఁగు ఏరావణుఁడను దేవపుత్రుఁ డయ్యెను. స్వర్గమున జంతువులు లేవు. కావున దేవతలు ఉద్యానమునకుఁ బోఁగోరినపు డా దేవపుత్రుఁడు తన రూపమును విడిచి నూటయేఁబది యోజనముల యేనుఁగై, ముప్పదిమువ్వురకును ముప్పదిమూఁడు కుంభస్థలములను గల్పించును.

ఇంతకంటె మనోహరమైన బంధకల్పన వేఱొకటి నాకుఁ దోఁపదు. ఇచట ఏనుఁగు బానిసగాదు. నాఁడు చంపుమని యాజ్ఞాపింపఁబడియుఁ జంపని మిత్రుఁడు. పాము దేవలోకపు ప్రాణియైన తెఱఁగు పైనఁ జూచితిమి. ఇచట ఏనుఁగే దేవత యైనది.

వాన తెచ్చు తెల్లయేనుఁగును గూర్చిన కథలు మన ప్రాంతమునకు సన్నిహితములు. వేస్సంతరజాతకమున, బోధిసత్త్వుఁడు పుట్టిననాఁడే ఆకాశచారిణియైన యాఁడుయేనుఁగు తెల్లని గున్న నొకదానిని దెచ్చి విడిచిపోయెను. ఆ యేనుఁగున్నచోట వాన కురియును. కళింగదేశమున క్షామము రాఁగా, కళింగులు బ్రాహ్మణులఁ బంపి దాని నర్థించిరి, వేస్సంతరుఁ డిచ్చివేసెను, అందులకు స్వజనులచే వెడలఁగొట్టఁబడెను. కురుధర్మజాతకమునను కళింగులు వానకొఱకు కురురాజు ఏనుఁగును గోరుదురు. పల్నాటి గోలిగ్రామమున దొరకిన స్తూపశిల్పములలో వేస్సంతరకథ చెక్కఁబడియున్నది. ఆ శిల్పములను వర్ణించిన గ్రంథము చెన్నపురి ప్రదర్శనశాలవారిచే 1929లోఁ బ్రకటింపఁబడినది. వానకై యెదురుచూచు పల్నాటి జనులకు ఆ ఫలక మెట్టిభావము గల్పించెనో ఊహించుకొనవచ్చును.

8. ఫలితము

ఇఁక బాలుని ప్రశ్నకు మరల వత్తము. ఐరావతమునకుఁ బెక్కు జన్మకథ లుండుటకుఁ గారణము, అది యొక్కనాఁ డొక్కచోటఁ బుట్టినది గాకపోవుటయే. నీటినుండి పుట్టినదని నామము చెప్పినది. అందుచే సముద్రజన్మకథ వచ్చినది. సర్పకులమునకుఁ జెందినదని వేదము చెప్పినది. అందుచేఁ బాతాళసంబంధము నిలిచినది. సూర్యాండమునుండి పుట్టినదని గజశాస్త్రము చెప్పినది. ఎండ నీటిని మేఘముగా మార్చునని యెఱిఁగినవారి కదియు నసంగతము గాదు. మేఘ మేటేఁటఁ బుట్టుచు నేటేఁట లయించుచుండును. అట్టిదానికిఁ దొలిపుట్టుక యేదని యడిగినచో నొక్క సమాధానము చెప్పుట యెట్లు?

దండకథయు నిపుడు వేఱుగాఁ గనఁబడును. ముని శాపానంతరము ఓషధులును లతలును క్షీణించెననియు, యజ్ఞములు నిలిచిపోయెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. ఇవి క్షామలక్షణములు. మేఘగజము మదించి సిరిని నేలఁబాఱవైచెను, సిరి పోయెను, సముద్రమును గలఁచి నీటిని మరల మేలుకొల్పిన పిమ్మట సిరి మరలివచ్చెను, వచ్చినంతనే యేనుఁగులు నీటితో నామె నభిషేకించెను. సిరిని బడఁద్రోసిన జాతియే సిరికి స్నానము చేయించినది. గజలక్ష్మి మూర్తి ప్రతి యింటి గుమ్మముననుండి మనకుఁ జెప్పుచున్న దిదియే.

పండితులకు నా మనవి యొక్కటి. కథలను గలిపి చెప్పుట తప్పుగాదు. గలిపితిమని చెప్పకుండుట తప్పు. "ఈ భాగము విష్ణుపురాణములోనిది, ఈ భాగము భాగవతములోనిది" యని యొక్కమాట చెప్పినచో బాలుఁడు వ్యాసుని శంకింపఁడు, మనలను శంకింపఁడు. కల్పభేదమను సమాధానము తుదకుఁ జెప్పవలసినది, మొదటఁ జెప్పవలసినది గాదు. నన్నాఁ డడిగిన బాలుఁ డిపు డెచటనున్నాఁడో యెఱుఁగను. ఆ ప్రశ్న నడుగు బాలురు మాత్రము ప్రతితరగతియందును గలరు. వారికొఱకే యీ వ్యాసము. ఇందు దోషము లున్నచో విద్వాంసులు సవరింతురుగాక.